లోపలి నుంచా, అంచు నుంచా

పడమటి కొండల మీద ఎరుపు ఇంకా ఆరనే లేదు, టెలిస్కోపు మీది డోము తలుపులు అప్పుడే తెరిచేశారు, పైన మోటారు గురక పెడుతున్నట్టు తిరుగుతోంది, ఆ అదురు నేలలోంచి కుర్చీ కాళ్ళలోకీ, కుర్చీలోంచి అతని వెన్నులోకీ పాకుతోంది. సగం జీవితం విన్న మోతే అయినా ఈ సాయంత్రం దాన్ని ఆమె చెవులతో వింటున్నట్టుంది అతనికి, ఎందుకంటే ఆమె పక్కనే కూర్చుంది, జబ్బు చేశాక మొదటిసారి ఈ గదికి వచ్చింది, రెక్సిను చిరిగి స్పాంజి బయటికి తొంగిచూస్తున్న ఆ పాత కుర్చీయే కావాలని చేత్తో చూపించి మరీ కూర్చుంది. అతని భార్య. కుడిచెయ్యి ఒళ్ళో పడుకోబెట్టుకుంది, నిద్రపోతున్న పసిబిడ్డని పెట్టుకున్నట్టు. ఎడమచేత్తో శాలువా సర్దుకుంటోంది, కళ్ళు మాత్రం ఎదురుగా ఉన్న తెర మీంచి తిప్పడం లేదు. తెర మీద ఇంకా ఏమీ లేదు, మునిమాపు వెలుతురులో కెమెరాకి కనిపించేదల్లా బూడిదరంగు మసక. ఆ మసక వెనకాల ఎక్కడో వాళ్ళ నక్షత్రం ఉంది. చీకటి పడేటప్పటికే అది పడమట బాగా దిగిపోయి ఉంటుంది, ఆ తర్వాత ఎంతోసేపు ఉండదు, కొండ చాటుకి పోతుంది, ఆ కాస్త వ్యవధిలోనే దానికి గ్రహణం పట్టి విడవాలి. ఈ ఒక్క గ్రహణమే వాళ్ళకి దొరికేది. రేపటికి అది పూర్తిగా మండిపోతూ ఉంటుంది, ఇల్లంతా అంటుకున్నాక మంట ఏ గదిలో మొదలైందో చెప్పడం ఎవరి తరమూ కాదు. టెలిస్కోపు నడిపే ఆపరేటరు కుర్చీ వెనక్కి తిప్పి, మేడంగారికి హీటరు దగ్గరికి జరపమంటారా అని అతన్ని అడిగాడు. ఆమె గురించి ఆమె ఎదుటే అతన్ని అడగడం ఈ మధ్య అందరికీ అలవాటైపోయింది, పాలవాడు మొదలుకొని పెద్ద డాక్టరు దాకా. అతను జవాబు చెప్పేలోపే ఆమె తల అడ్డంగా ఊపింది, ఆపరేటరు నాలిక్కరుచుకుని, సారీ మేడం, అన్నాడు, ఈసారి ఆమెతోనే.

వాళ్ళ నక్షత్రం అనడమే గాని నిజానికి అవి రెండు. పెళ్ళయిన కొత్తలో అతని తల్లి కోడలిని ఇదే అడిగింది, ఇద్దరూ ఆ కొండెక్కి ఏం చూస్తారమ్మా అని. వంటింట్లో గిన్నెలు తోముతూ కోడలు చెప్పింది. ఒకటి చచ్చిపోయిన నక్షత్రం అత్తయ్యా, తెల్ల మరుగుజ్జు అంటారు, మన భూమంతే ఉంటుంది, బరువు చూస్తే సూర్యుడంత. దాని పక్కనే ఇంకోటి, ఒళ్ళు వదులుగా, పెద్దగా. ఆ చిన్నది ఈ పెద్దదాని ఒంటి మీది సరుకంతా లాగేసుకుంటూ ఉంటుంది. అయితే చిన్నకోడలు పెద్దకోడలిని దోచుకు తింటోందన్నమాట అంది అతని తల్లి, అతని వదిన ఆ గదిలోనే ఉందన్న సంగతి మరిచిపోయి. ఆ మాటకి తోడికోడళ్ళిద్దరూ నవ్విన నవ్వు అతనికి ఇప్పటికీ వినిపిస్తుంది. లాక్కున్నది తిన్నగా మరుగుజ్జు మీద పడదు, చుట్టూ సుడి తిరుగుతుంది, తూములోకి జారేముందు తొట్టిలో నీళ్ళు తిరిగినట్టు, ఆ సుడి పళ్ళెంలా పరుచుకుని కాలుతూ వెలుగుతుంది, మేం చూసేది ఆ పళ్ళేన్నే. కనిపిస్తుందా మరి అని అడిగింది తల్లి. కనిపించదు అంది కోడలు. ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా ఒక్క చుక్కే. కనిపించనిదాన్ని చూడ్డానికి నిద్ర పాడుచేసుకోవడమేమిటే అని తల్లి ముక్కున వేలేసుకుంటే, ఆమె చేతులు తుడుచుకుని వచ్చి అత్తగారిని వీధి కిటికీ దగ్గర నిలబెట్టి చూపించింది. ఎదురింట్లో దీపాలున్నాయనుకోండి, ఆ ఇల్లు మనకి కనిపించదు, దాని వెలుతురు మాత్రం మన గోడ మీద పడుతోంది. వాళ్ళెవరో ఒక చివర్నుంచి తెర లాక్కుంటూ వస్తున్నారు. మన గోడ మీద వెలుతురు ఎప్పుడు ఎంత తగ్గిందో రాసుకుంటూ పోతే, ఏ గదిలో ఎంత దీపముందో చెప్పెయ్యచ్చా లేదా? అక్కడ ఆ తెర లాగేది పెద్ద నక్షత్రమే అత్తయ్యా. తిరుగుతూ తిరుగుతూ పళ్ళేనికి అడ్డం వస్తుంది, దాన్నే మేం గ్రహణం అంటాం. అతని తల్లి కాసేపు ఎదురింటి వైపు చూసి, మా కోడలు దొంగల్ని పట్టే పోలీసు కావలసింది అంది. చుట్టాలందరికీ ఆ మాటే చెప్పుకుంది బతికున్నన్నాళ్ళూ.

డోము మోటారు ఆగింది. ఉన్నట్టుండి వచ్చిన నిశ్శబ్దంలో ఆమె ఊపిరి వినిపించింది, కాస్త బరువుగా, కొండెక్కిన అలసట ఇంకా తీరలేదేమో. అతను నీళ్ళ సీసా అందించాడు, ఆమె ఎడమచేత్తో తీసుకుని రెండు గుక్కలు తాగి మూత తానే పెట్టింది, మోకాళ్ళ మధ్య సీసా ఇరికించుకుని. అలా మూత పెట్టడం నేర్చుకోవడానికి ఎన్ని వారాలు పట్టిందో అతనికి తెలుసు. అదే చెయ్యి, కాదు, ఆ రెండో చెయ్యి, ఇప్పుడు ఒళ్ళో పడుకుని ఉన్న ఆ చెయ్యి, ఒకప్పుడు కంప్యూటరు మీటల మీద ఎలా పరిగెత్తేదని. వెలుతురు తగ్గుదల నుంచి పళ్ళెం బొమ్మ గీసే పద్ధతి ఎక్కడో దూరదేశాల్లో వాళ్ళు కనిపెట్టారని చదివింది, చదివినదాన్ని నమ్మి ఊరుకోకుండా మొత్తం లెక్కని మొదటి అక్షరం నుంచి తానే రాసుకుంది, కడుపుతో ఉన్న నెలలన్నీ దాని మీదే పెట్టింది. ఆ రోజుల్లో బొమ్మలు అచ్చువేసే యంత్రం లేదు, అక్షరాలు కొట్టే ప్రింటరొక్కటే ఉండేది, ఎక్కువ వెలుగున్న చోట నల్లటి అక్షరం, తక్కువున్న చోట చుక్క, ఏమీ లేనిచోట ఖాళీ, అలా కాగితం కింద కాగితం వచ్చిపడితే వాటిని నడవాలో నేల మీద పక్కపక్కన పరిచింది. దగ్గర్నుంచి చూస్తే చీమల బారు. ఆమె అతన్ని కుర్చీ పట్టుకోమని, నిండు నెలల కడుపుతో కుర్చీ ఎక్కి నిలబడింది. పడిపోతావు దిగు అని అతను మొత్తుకుంటున్నాడు, ఆమె కిందికి చూస్తూ ఏమీ మాట్లాడలేదు. ఎప్పుడూ గడగడా మాట్లాడే మనిషి. క్లాసులో పిల్లలు ఆమెని ఎక్స్‌ప్రెస్ అనీ అతన్ని గూడ్సు అనీ అనుకునేవారు చాటుగా, ఆ ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. చివరికి, నువ్వు కూడా ఎక్కు అంది. ఇద్దరినీ ఆ కుర్చీ మొయ్యదని అతను మెట్ల మీదికి పరిగెత్తి పైనుంచి చూశాడు. నేల మీద చీమలన్నీ కరిగిపోయి గుండ్రటి పళ్ళెం కనిపించింది, నడుమ చిక్కగా, అంచుకి పోయేకొద్దీ పలచగా, ఒక పక్క అంచు మీద మాత్రం నల్లటి మచ్చ, పెద్ద నక్షత్రం నుంచి పోత వచ్చి పళ్ళేనికి తగిలే చోటు. ఎవరూ ఎన్నడూ కంటితో చూడలేనిది వాళ్ళ నడవాలో, చెప్పుల స్టాండు పక్కన పడుంది. అతను మెట్ల మీద కూలబడిపోయాడు. దాన్ని చూసి కూలబడ్డాడో, కుర్చీ మీద కడుపు పట్టుకుని నిలబడి నవ్వుతున్న ఆమెని చూసి కూలబడ్డాడో అతనికి ఇప్పటికీ తెలీదు.

ఆ బొమ్మతోనే మొదలైంది పోట్లాట. కొన్ని నెలలకోసారి ఆ పళ్ళెం ఉన్నట్టుండి భగ్గుమంటుంది, కొన్నాళ్ళు వెలిగి మళ్ళీ చల్లారుతుంది. ఆ భగ్గుమనడం ఎక్కడ మొదలవుతుంది? మరుగుజ్జుని ఆనుకుని ఉన్న లోపలి భాగంలో మొదలై బయటికి పాకుతుందని అతను. కాదు, పోత వచ్చి పడే అంచున మొదలై లోపలికి పాకుతుందని ఆమె. భోజనాల బల్ల దగ్గర, బస్సుస్టాపులో, ఒకసారి దంతాల డాక్టరు గది బయట, అతని బుగ్గలో దూది ఉండగా కూడా. బడిలో ఇంటి గురించి చెప్పమంటే వాళ్ళ అమ్మాయి లేచి, మా అమ్మా నాన్నా రోజూ లోపలా బయటా అని పోట్లాడుకుంటారు టీచర్ అని చెప్పిందట, టీచరు కంగారుపడి ఇద్దరినీ పిలిపించింది. తేలేదెలాగో ఇద్దరికీ తెలుసు. మంట మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే గ్రహణం దొరకాలి. అంచు వెలుగుతూ ఉంటే పెద్ద నక్షత్రం అడ్డం రాగానే, చాలా ముందుగానే, వెలుగు మెల్లగా తగ్గడం మొదలవుతుంది, వాలుదారిలో దిగినట్టు. నడుమే వెలుగుతూ ఉంటే చివరిదాకా ఏమీ తెలియదు, తెర నడుమకి వచ్చాక ఒక్కసారిగా పడిపోతుంది, గోడ మీంచి దూకినట్టు. అంత తేలికైన పరీక్ష. అది మాత్రం ఎన్నేళ్ళయినా కుదరలేదు. మంట రేగినప్పుడు మబ్బులు, మబ్బుల్లేనప్పుడు టెలిస్కోపు వేరేవాళ్ళ చేతిలో, టెలిస్కోపు చేతికొచ్చినప్పుడు నక్షత్రం సూర్యుడి వెనక.

తర్వాత ఆమెకి జబ్బు చేసింది. క్లాసులో పాఠం చెబుతూ ఉండగా మాటలు ఒకదాని బదులు ఇంకొకటి రావడం మొదలుపెట్టాయి, నక్షత్రం అనబోయి గరిటె అంది, మేడం జోకేస్తున్నారనుకుని పిల్లలు నవ్వారు, సుద్దముక్క చేతిలోంచి జారి పడ్డాకే నవ్వు ఆగింది. మెదడులో ఒక నరం పూడుకుపోయిందన్నారు. కుడి కాలు కొంతవరకు తిరిగొచ్చింది, చెయ్యి రాలేదు, మాట వస్తూ రానట్టు వస్తోంది. మాటలు నేర్పే డాక్టరమ్మ వారానికి మూడుసార్లు ఇంటికొచ్చేది, అమ్మాయి ఈడు పిల్ల, మంచిది, ఓపికగలది. బొమ్మల అట్టలు ఒక్కొక్కటే చూపించేది, కప్పు, తాళంచెవి, పిల్లి. ఆమె పిల్లిని పిల్లి అన్నరోజు డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది, అమ్మాయి కళ్ళు తుడుచుకుంది, అతను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం ఏమీ అనుకోలేదు. డాక్టరమ్మ చూడకుండా ఆ పిల్లి అట్టని తీసి ఆ అమ్మాయి చేతిసంచిలోనే దాచేసింది, డాక్టరమ్మ మరుసటిసారి వచ్చినప్పుడు సంచీ వైపు వేలు చూపించి, పిల్లి అని మళ్ళీ అంది, ముగ్గురూ నవ్వలేక చచ్చారు. ఆ ధైర్యం ఎక్కడ దాచుకుందో మనిషి. తనైతే మొదటి వారమే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కానీ రాత్రి పక్కమీద వాలగానే అతన్ని తొలిచేది వేరే. మాటలు పోయాయి సరే, మాటల వెనక ఉన్నది ఉందా? అడుగుదామంటే అడగడానికి దారి మాటలే. మూడు అనాల్సినచోట ఏడు అంటుంది, తప్పని తెలిసి తల కొట్టుకుంటుంది. లోపల మూడే ఉందా, ఏడయిపోయిందా? పాత పేపర్లు ముందు పెడితే చూసేది, పేజీ తిప్పేది, ముఖంలో ఏమీ కనిపించేది కాదు. లోపల మాత్రం అంతా బాగానే ఉందండీ అని పెద్ద డాక్టరు ఒకసారి అన్నాడు, అలా ఎలా తెలుసని అతను అడిగితే, ఆమె కళ్ళు చూడండి అన్నాడు. కళ్ళు చూసి మనుషుల్ని నమ్మచ్చు, లెక్కల్ని ఎలా నమ్మడం?

నిన్న పొద్దున అతను బల్ల దగ్గర ఫోను చూస్తూ, ఎవరికీ కాదు, పాత అలవాటు కొద్దీ, పైకి చదివాడు, ఏదో దేశంలో సరదాగా ఆకాశం చూసే పెద్దమనిషి రాసిన కబురు, ఫలానా నక్షత్రం వెలుగెక్కుతోంది, మంట మొదలైనట్టుంది అని. చదివి టీ కప్పు ఎత్తాడు. ఆమె చెంచా కింద పెట్టింది. లేచింది. బీరువా తలుపు తీసిన చప్పుడు, చాలాసేపు ఏదో వెతికిన చప్పుడు. వచ్చి చూస్తే స్వెట్టరు ఒక చేతికి ఎక్కించుకుని, బూట్లు తొడుక్కుని, తాళ్ళు కట్టుకోలేక లోపలికి దోపుకుని, వీధి తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఈ రోజు కాదు, రేపు సాయంత్రం గ్రహణం అన్నాడు అతను. ఆమె తలూపింది, లేవలేదు. అమ్మాయి ఒప్పుకోలేదు, చలి, కొండ దారి, ఎత్తు, ఏదన్నా అయితే ఎవరిది పూచీ అని చాలాసేపు అరిచింది, డాక్టరుకి ఫోను చేసింది, డాక్టరు పర్వాలేదంటే ఆయన మీద కూడా అరిచింది, చివరికి కారు తనే నడుపుతానంది. ఈ సాయంత్రం టెలిస్కోపు నిజానికి వేరేవాళ్ళది, ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే, విషయం చెప్పగానే రాత్రి మొదటి భాగం మీరే తీసుకోండి సార్ అని ఒక్క మాటతో వదిలేశాడు. అమ్మాయి ఇప్పుడు కింద వంటగదిలో ఉంది, మందులు, ఫ్లాస్కు, బీపీ చూసే మిషను ముందు పెట్టుకుని. పైకి రానంది, మీ నక్షత్రాల గోల నాకొద్దు అంది, అలా అంటూనే అమ్మ మెడ చుట్టూ శాలువా రెండుసార్లు చుట్టింది.

వచ్చేసింది మేడం, అన్నాడు ఆపరేటరు. మసకలోంచి చుక్కలు పైకి తేలాయి, ముందు కొట్టొచ్చినట్టున్నవి, తర్వాత వాటి మధ్య చిన్నవి, ఆ చిన్నవాటిలో ఒకటి మామూలుగా ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ వెలుగుతో. ఆమె కుర్చీలో ముందుకి జరిగింది. అతను కొలత మొదలుపెట్టాడు. కొన్ని క్షణాలకొక ఫొటో, ఫొటోకొక చుక్క, పెద్ద తెర మీద చుక్క పక్కన చుక్క పడుతూ గీతలా సాగుతోంది. పక్కన చిన్న తెర మీద ఇంకో గీత, అది సాక్షిది. ఎప్పుడూ మారని నక్షత్రాన్నొకదాన్ని పక్కనే ఎంచుకుని దాన్ని కూడా కొలుస్తూ ఉంటారు, మధ్యలో పొగమంచో పలచటి మబ్బో అడ్డం వస్తే రెండూ కలిసి తగ్గుతాయి, ఒక్కటే తగ్గితే అది నిజంగా ఆకాశంలో జరిగిన సంగతి. చిన్న తెర అతని వైపుకి తిప్పి ఉంది. ఆమెకి కనిపించేది పెద్దదొక్కటే. గ్రహణం నడిమి క్షణానికి ఇంకా చాలా టైముంది, కొండ అంచుకీ నక్షత్రానికీ మధ్య ఎడం కూడా ఇంకా ఉంది, అతను ఊపిరి వదిలి వెనక్కి ఆనుకున్నాడు, అప్పుడే పెద్ద తెర మీద చుక్కలు కిందికి వాలడం మొదలుపెట్టాయి. మెల్లగా. చాలా ముందుగా. వాలుదారిలో దిగినట్టు. ఆమెదే. ఇన్నేళ్ళ పోట్లాట ఆమెదే అయింది, ఇదిగో ఈ గదిలో, ఆమె కళ్ళ ముందు, ఇంతకంటే ఏం కావాలి, ఇంటికి వెళ్ళాక అందరికీ చెప్పచ్చు, ఆ పిల్లి బొమ్మ చూసి చప్పట్లు కొట్టినవాళ్ళందరికీ చెప్పచ్చు.

"నీదే రైటు" అన్నాడు. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. "అంచు నుంచే. చూడు, ఎంత ముందుగా మొదలైందో చూడు."

ఆమె సంబరపడలేదు. తెరని చూసింది, అతన్ని చూసింది, అతని ముఖం మీద ఆమె చూపు కాసేపు అలాగే ఉండిపోయింది. విద్యార్థుల థీసిస్‌లో కొట్టేసి తిరిగిచ్చే పేజీని అలాగే చూసేది. తర్వాత ఎడమచెయ్యి అతని ఒడి మీదుగా చాపి చిన్న తెర అంచు పట్టుకుని తన వైపుకి తిప్పుకుంది. సాక్షి గీత కూడా వాలుతోంది. అంతే వాలుగా, అప్పుడే మొదలై. "దుప్పటి" అంది ఆమె, తల విదిలించి, మళ్ళీ వెతుక్కుని, అదే మాట, "దుప్పటి." కిందికి దిగేకొద్దీ పడమట పేరుకునే మంచు తెర, ఇంకేముంది. అతనికి తెలియక కాదు. చిన్న తెర అతని వైపే ఉంది, కంటి చివర ఆ గీత వాలడం కనిపిస్తూనే ఉంది, ఇన్నేళ్ళు ఇదే పని చేసిన కన్ను చూడకుండా ఎలా ఉంటుంది, చూసింది, చూసి పక్కకి నెట్టింది. అతను ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది, పెదవులు బిగించి, నుదుటి మీద నరం పొంగేదాకా మాటని లోపల్నించి లాగింది.

"జాలి" అంది. "వద్దు."

ఆపరేటరు తన టీ కప్పులోకి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమె మళ్ళీ తెర వైపు తిరిగి, దీన్నీ దాన్నీ వేలితో చూపించి, ఇంకో మాట కోసం వెతికింది. ఈసారి అతను సాయం చెయ్యలేదు, నోటిదాకా వచ్చినా అందించలేదు, ఎదురుచూశాడు.

"భాగించు."

ఆ మాట ఎక్కడా తడబడలేదు. ఏ అట్ట మీదా బొమ్మ వెయ్యలేని మాట. అతను మీటలు నొక్కాడు. నక్షత్రాన్ని సాక్షితో భాగిస్తే వాలు మాయమైపోయింది, గీత బల్ల మీద పెట్టిన స్కేలులా తిన్నగా ఉంది, ఇంకా గ్రహణం మొదలేకాలేదు. ఆరు నెలలుగా ఆమె పక్కన పడుకుని, ఆమెకి తినిపించి, ఆమె జుట్టు దువ్వి, లోపల ఆమె ఉందా లేదా అని వెతుకుతున్నాడు, ఆమె అక్కడే ఉంది, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఎప్పట్లాగే, అతని తప్పు పట్టుకోవడానికి తయారుగా.

చుక్క పక్కన చుక్క. ఆమె సిద్ధాంతం ప్రకారం ఈపాటికి వెలుగు తగ్గడం మొదలవ్వాలి, తగ్గలేదు. ఇంకొంచెం. తగ్గలేదు. అతను తెరని కాదు ఆమెని చూస్తున్నాడు, ఆమె చూపులో కంగారేమీ లేదు, రైలు కోసం పట్టాల వైపు చూసే మనిషిలా చూస్తోంది, ఏది వస్తే అది ఎక్కడానికే వచ్చినట్టు. అప్పుడు పడింది. చుక్కలు ఒక్కసారిగా, రెండు మూడు ఫొటోల మధ్య, పెద్ద ఎత్తు నుంచి దూకినట్టు అడుగుకి పడిపోయాయి. ఇంత నిట్టనిలువు గోడ అతను ఏ నక్షత్రంలోనూ చూడలేదు. వెలుగంతా నడుమనే ఉంది, మరుగుజ్జుని ఆనుకుని, గుప్పెడంత చోటులో. లోపలి నుంచే. అతనిదే రైటు. గెలిచానన్న ఊహ వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది, దాన్ని లోపలికి రమ్మనాలని కూడా అనిపించలేదు. ఆమె మాత్రం ఎడమ అరచేత్తో బల్ల మీద చరిచింది, ఒకసారి కాదు, వరసగా, మోగేటట్టు. నవ్వుతోంది, ముఖంలో ఒక పక్క సరిగ్గా కదలని నవ్వు, కళ్ళలో నీళ్ళు. "లోపల్నించే" అంది, అతని భుజం మీద వేలితో పొడిచి, "నీదే. నీదే." తన మాట ఇన్నేళ్ళకి ఓడిపోతే ఇంత పండగ చేసుకునే మనిషిని ఇంకొకరిని చూపించండి. ఆమెకి నక్షత్రం ముఖ్యం. తను చెప్పినట్టు నడవనందుకు దాని మీద ఎన్నడూ అలగలేదు. తను ఇన్నేళ్ళుగా ప్రేమిస్తున్నది ఈ గుణాన్నే కదా అనుకున్నాడు, ఇంతసేపూ దాన్నే జాలితో కప్పెయ్యబోయాడు.

నక్షత్రం అడుగునే ఉంది, గీత నేల మీద పాకుతున్నట్టు సాగుతోంది. సార్, కొండ దగ్గరపడుతోంది, టెలిస్కోపు ఇంకెంతో కిందికి వంగదు అన్నాడు ఆపరేటరు. వంగినంత వంచు అన్నాడు అతను. బయట చీకటి పూర్తిగా పడింది, కిటికీలో తమ ముఖాలే కనిపిస్తున్నాయి, ఇద్దరు ముసలివాళ్ళు, ఒక శాలువా. పళ్ళెం నడుమ భాగం బయటపడింది, చుక్కలు గోడెక్కినట్టు పైకెగిశాయి, ఇంక చూడ్డానికేం లేదు, మిగిలింది అంచు మీది ఆ మచ్చ, పోత తగిలే చోటు, అది ఎప్పుడూ కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది, చిన్న మెట్టు ఎక్కినట్టు. అతను ఫైలు భద్రం చేసుకునే పనిలో పడ్డాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. మెట్టు ఎక్కింది గీత. చిన్న మెట్టు కాదు. అతను కొలిచాడు, మళ్ళీ కొలిచాడు, సాక్షితో భాగించాడు, ఎప్పుడూ ఉండేదానికి రెట్టింపు పైనే ఉంది. పెద్ద నక్షత్రం ఎన్నడూ పొయ్యనంత సరుకు పోస్తోంది. "ఎందుకు?" అంది ఆమె. అతను ఆలోచించి చెప్పాడు. లోపల వేడెక్కింది కాబట్టి, దాని సెగ తగిలి పక్కది ఉబ్బి ఎక్కువ పోస్తోంది, అంతే. ఆమె తల అడ్డంగా ఊపింది. "ముందు ఇది" అంది, మెట్టుని చూపించి, తర్వాత గోడని చూపించి, "తర్వాత అది. గిన్నె. ముందు గిన్నె పోసింది." గిన్నె అంటే పెద్ద నక్షత్రమని అతనికి వేరే చెప్పక్కర్లేదు. ముందు పోత పెరిగింది, అందుకే లోపల మంట రేగింది అంటోంది. అలా అయితే అంచు కూడా వేడెక్కి ఉండాలి కదా అన్నాడు. "చాలదు" అంది ఆమె, రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి చూపిస్తూ, "టైము చాలదు." అంచు అంటుకునేంత టైము ఇంకా గడవలేదంటోంది. టైమంటే ఎంతనుకుంటున్నావు, సెగ తగలడానికి ఒక పూట చాలు అన్నాడు. "కాదు." కాదంటే ఎలా, ఇంకో గ్రహణం లేకుండా ముందేదో వెనకేదో నువ్వెలా చెబుతావు అన్నాడు, కుర్చీలోంచి లేచి, ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు, గొంతు ఎప్పుడు పెరిగిందో కూడా తెలియదు, ఆమె బల్ల మీద మళ్ళీ చరుస్తోంది, ఆపరేటరు డోము మూసే మీట మీద వేలు పెట్టుకుని మూయాలో వద్దో తెలియక ఒకరి తర్వాత ఒకరి ముఖాలు చూస్తున్నాడు.

తలుపు తోసుకుని అమ్మాయి వచ్చింది, మెట్లెక్కి పరిగెత్తుకొచ్చిన ఆయాసం, చేతిలో బీపీ మిషను.

"ఏమైంది నాన్నా, అమ్మ మీద ఎందుకలా అరుస్తున్నావు?"

అతను వెనక్కి తిరిగాడు.

"ఏం లేదమ్మా" అన్నాడు. "మీ అమ్మ ఒప్పుకోవడం లేదు."

ఆమె కూతురి వైపు చూడను కూడా లేదు. కళ్ళజోడు పైకి తోసుకుంది, తెర మీది మెట్టుని వేలితో గట్టిగా పొడిచింది.

"ఒప్పుకోను" అంది.